టీవీలో చూపించిన చిన్న హోటల్‌కి వెళ్ళి తినాలంటే: తిరుపతి, చిత్తూరు వైపు పూర్తి గైడ్

తిరుపతిలోనో చిత్తూరులోనో ఒక చిన్న హోటల్‌ని టీవీలో చూసి, వెతుక్కుంటా పోయి, తినేసి "ఇందులో అంత ఏముందబ్బా" అనుకుంటా వెనక్కొచ్చేవాళ్ళని చాలామందినే చూశాను. హోటల్ బాగానే ఉంటుంది, కానీ వీళ్ళు పోయింది సాయంత్రం ఏడుకి, టీవీలో చూపించింది మధ్యాహ్నం పూట రాగి సంగటి. లేదంటే ఆ హోటల్‌కి పేరొచ్చింది ఒక్క ఐటమ్ వల్ల, వీళ్ళు అది వదిలేసి ఫ్రైడ్ రైస్ చెప్పి ఉంటారు. షో వాళ్ళు చూపించేది ఒక వంట, అది దొరికే ఒక పూట, దాన్ని చేసే ఒక మనిషి. ఈ మూడూ కలిసిన టైముకి మనం అక్కడ ఉండాలి, అంతే. కింద రాసిందంతా దానికోసమే.

ఇట్లాంటి షోలకి పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో ఫుడ్ నెట్‌వర్క్ చానల్లో గై ఫియెరీ చేసే "డైనర్స్, డ్రైవ్-ఇన్స్ అండ్ డైవ్స్" 2007 నుంచి వస్తా ఉంది. ఆయన ఎర్ర కమారో కారు దిగి నేరుగా వంటింట్లోకి పోతాడు, వండే మనిషి పక్కనే నిలబడి మొదట్నుంచి చివరిదాకా చేయించి చూపిస్తాడు, తర్వాత తింటాడు, మధ్యలో అక్కడ రోజూ తినేవాళ్ళతో రెండు మాటలు మాట్లాడిస్తాడు. మన దేశంలో ఎన్డీటీవీ గుడ్ టైమ్స్‌లో రాకీ, మయూర్ ఇద్దరూ "హైవే ఆన్ మై ప్లేట్" అని రోడ్డు పక్క ధాబాలు, చిన్న చిన్న హోటళ్ళు తిరిగి చూపించారు. ఏ భాష షో అయినా వాళ్ళు వెతికేది స్టార్ హోటల్ కాదు, ఆ ఊరి మనుషులు రోజూ తినే చోటు, కాబట్టి పోయేటప్పుడు మనం కూడా ఆ ఊరి మనుషులు పోయినట్టే పోవాలి.

మొదట ఎపిసోడ్‌ని ఇంకోసారి చూడండి

ఈసారి తినే సీన్ కోసం కాదు, వివరాల కోసం. యాంకర్ ఏం తిన్నాడో దాని పేరు కరెక్ట్‌గా రాసుకోండి. "దోశ" అని రాసుకుంటే లాభం లేదు, అది ఎర్రకారం దోశా, నెయ్యి కారం దోశా, సెట్ దోశా అనేది కావాలి. వండిన మనిషి ఓనరా, జీతానికి ఉన్న మాస్టరా అనేది మాటల్లోనే తెలిసిపోతుంది, అది కూడా రాసుకోండి, ఎందుకంటే మాస్టర్ మారితే రుచి మారుతుంది, ఓనరే వండేచోట ఆ భయం తక్కువ.

తర్వాత యాంకర్‌ని వదిలేసి వెనకాల కూర్చున్నోళ్ళ ఆకులు చూడండి. షూటింగులు ఎక్కువగా రష్ లేని టైములో పెట్టుకుంటారు, అందుకని బయట వెలుగు చూసి పూట కనుక్కోలేం, పైగా పొద్దున టిఫినూ మధ్యాహ్నం భోజనమూ అన్నీ ఒకే టేబుల్ మీద వరసగా పెట్టి చూపిస్తారు, చూసేవాళ్ళకి అన్నీ ఒకేసారి దొరుకుతాయేమో అనిపిస్తుంది. వెనకాల ఆకుల్లో ఇడ్లీలు ఉన్నాయా, అన్నం ఉందా, పరోటా సాల్నా ఉందా చూస్తే ఆ పూట హోటల్లో మామూలుగా ఏం నడుస్తుందో అర్థమైపోతుంది.

బోర్డు, పక్క అంగడి పేరు, ఎదురుగా ఉండే గుడి గోపురమో సర్కిలో కనపడితే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. యూట్యూబ్‌లో చూస్తా ఉంటే అప్‌లోడ్ చేసిన తేదీ కూడా చూడాలి, పాత ఎపిసోడ్లని ఈమధ్య కొత్తవాటిలాగా మళ్ళీ ముక్కలు చేసి పెడతా ఉన్నారు. నాలుగైదేళ్ళ కిందటి క్లిప్‌లో కనపడ్డ రేటు పట్టుకొని పోయి కౌంటర్లో గొడవ పెట్టుకోవడం మాత్రం అస్సలు బాగోదు.

ఆ హోటల్ అదేనా, ఇంకా ఉందా

గూగుల్ మ్యాప్స్‌లో రివ్యూలని కొత్తవి ముందు వచ్చేట్టు పెట్టుకొని చదవండి. స్టార్లకన్నా జనం పెట్టిన ఫోటోలు ఎక్కువ చెప్తాయి, వాటిలో మెనూ బోర్డు దొరికిందంటే ఐటమూ రేటూ రెండూ తెలిసిపోతాయి. నంబర్ ఉంటే ఫోన్ చేయండి, కానీ రష్ టైములో కాదు, పదకొండు ఆ ప్రాంతంలోనో సాయంత్రం నాలుగుకో చేస్తే తీరిగ్గా మాట్లాడతారు. మూడే మూడు అడగాలి. ఆ ఐటమ్ ఈరోజు ఉందా, ఎన్ని గంటలకి రెడీ అవుతుంది, ఎన్నింటికి అయిపోతుంది. చివరిదే అన్నిటికన్నా ముఖ్యం, "మూడుదాకా తెరిచే ఉంటాం" అనే మాటకీ "ఒకటిన్నరకల్లా తలకాయ కూర అయిపోతుంది సామీ" అనే మాటకీ చాలా తేడా ఉంది.

పేరొచ్చిన హోటల్ పక్కనే అదే పేరుకి ముందు "న్యూ" అనో "శ్రీ" అనో తగిలించిన బోర్డులు రావడం మామూలే. అన్నదమ్ములు వేరుపడి ఇద్దరూ అదే పేరుతో రెండు వీధుల్లో నడుపుకోవడం కూడా ఉంటుంది, అప్పుడు ఎవరిదీ డూప్లికేట్ అనలేం. అట్లాంటిచోట "ఒరిజినల్ ఏది" అని అడక్కండి, ఎవరికి వాళ్ళు మాదే అంటారు. "పాత మాస్టర్ ఇప్పుడు యాడ చేస్తా ఉండాడన్నా" అని పక్కన టీ అంగడిలో అడగండి, సరైన జవాబు వస్తుంది. స్క్రీన్‌షాట్‌లో ఉన్న గుమ్మం, పక్క అంగడి సరిపోతే ఇంక అనుమానం అక్కర్లేదు.

తిరుపతి యాత్రికుల ఊరు కాబట్టి బస్టాండు దగ్గరో స్టేషన్ దగ్గరో ఆటో ఎక్కి "మంచి హోటల్‌కి తీసుకుపో" అంటే డ్రైవర్ తనకి అలవాటైన చోటికే తీసుకుపోతాడు. వీధి పేరు, ల్యాండ్‌మార్క్ చెప్పి ఎక్కండి, లీలామహల్ సర్కిలో, నాలుగుకాళ్ళ మండపమో, బాలాజీ కాలనీయో, ఏదైతే అది. చిత్తూరులో అయితే గాంధీ విగ్రహం, దర్గా సర్కిల్, హై రోడ్డు, చర్చి వీధి, గ్రీమ్స్‌పేట, ఇవి చెప్తే ఎవరైనా దారి చూపిస్తారు.

టైమే సగం పని

ఈ భాగం తొందరపడకుండా చదవండి.

టిఫిన్ సెంటర్లు మన వైపు పొద్దున ఆరు, ఆరున్నరకల్లా మొదలైపోతాయి, పదిన్నరకి పిండి అయిపోతా ఉంటుంది. ఇడ్లీకి బెస్ట్ టైము మొదటి వాయిలు దిగేటప్పుడు. దోశకి మాత్రం కొంచెం ఆగి పోవడం మంచిది, పెనం బాగా కాగి, పది ఇరవై దోశలు పోశాక వచ్చే రంగు మొదటి దోశకి రాదు. ఎర్రకారం దోశ కోసం పోతుంటే తొమ్మిదికల్లా కూర్చొని ఉండండి, ఎర్రకారం, పప్పుల పొడి రెండూ పూసి కాల్చే దోశకి టైము పడుతుంది, పదికి రష్‌లో మాస్టర్ కూడా త్వరత్వరగా తీసేస్తాడు.

కాఫీ కోసం పోయేవాళ్ళు ఇంకా ముందే పోవాలి. తెల్లవారుజామున దిగిన మొదటి డికాషన్ చిక్కగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోసి దించేచోట వాసన తగ్గిపోతుంది. కౌంటర్ దగ్గర నిలబడి ఒక నిమిషం చూడండి. డికాషన్ గ్లాసులో అడుగున పోసి, మరిగే పాలు ఎత్తు మీదనుంచి వంచి, డబరాలోకి ఒకసారి గ్లాసులోకి ఒకసారి తిరగపోసి ఇస్తుంటే ఆ అంగడి కాఫీ తాగొచ్చు. ముందే కలిపేసి ఫ్లాస్కులో పెట్టి ఉంటే టీ చెప్పుకోండి.

సంగటి, నాటుకోడి, మటన్, తలకాయ, బోటీ ఇవన్నీ మాంసం కూరలకి పేరైన మిలిటరీ హోటళ్ళ సంగతి, మధ్యాహ్నం పన్నెండు పన్నెండున్నర నుంచి రెండులోపల. పన్నెండున్నరకి పోతే సంగటి పొగలు కక్కుతా ఉంటుంది, రెండున్నరకి పోతే పైన పొర కట్టిన ముద్ద వస్తుంది. సాయంత్రం ఆ హోటళ్ళలోనే చాలాచోట్ల పరోటా, దోశ నడుస్తాయి, కూరలు మధ్యాహ్నం మిగిలినవి ఉండొచ్చు. టీవీలో సంగటి చూసి రాత్రికి పోయేవాళ్ళు ముందు ఫోన్ చేయకపోతే నిరాశే.

సీజన్ కూడా చూసుకోవాలి. అనపకాయలు చలికాలం పంట, సంక్రాంతి చుట్టుపక్కల మన జిల్లాల్లో పితికిపప్పు కూర చేయని ఇల్లుండదు, గింజలు రాత్రి నానబెట్టి పొద్దున ఒక్కొక్కటీ వేళ్ళతో పితికి తోలు తీయాలి, అంత పని ఉంది కాబట్టే హోటళ్ళలో అరుదుగా దొరుకుతుంది. జనవరిలో తీసిన ఎపిసోడ్ చూసి జూన్‌లో పోయి పితికిపప్పు అడిగితే వాళ్ళేం చేస్తారు పాపం. చింతచిగురు పప్పు ఎండాకాలంలో చూసుకోండి.

ఇంకోటి తమిళుల పెరటాసి నెల. సెప్టెంబర్ సగం నుంచి అక్టోబర్ సగందాకా, ముఖ్యంగా శనివారాలు, తమిళనాడు నుంచి తిరుపతికి జనం విపరీతంగా వస్తారు, బ్రహ్మోత్సవాలు కూడా మామూలుగా అప్పుడే. మన చిత్తూరు వైపు చాలా ఇళ్ళలో ఆ నెలంతా నీచు ముట్టరు, అందుకని మిలిటరీ హోటళ్ళలో వంట తగ్గించేస్తారు, శాకాహార హోటళ్ళలో కాలు పెట్టడానికి చోటుండదు. వైకుంఠ ఏకాదశి రోజులు, వరసగా సెలవులొచ్చిన వారాలు కూడా అంతే. మే నెలలో గంగమ్మ జాతర వారం లోకల్ వాళ్ళు కొందరు అంగడి కట్టేసే అవకాశం ఉంది, అడిగి పోండి. షో చూసి ప్రత్యేకంగా తినడానికే వస్తుంటే మామూలు వారంలో మంగళ, బుధ, గురువారాలకి మించినవి లేవు.

పోవడం

తిరుపతి బస్టాండూ రైల్వే స్టేషనూ దగ్గరదగ్గరే. గోవిందరాజస్వామి గుడి చుట్టూ వీధుల్లో కారు పెట్టడానికి చోటు దొరకదు, దూరంగా ఎక్కడైనా పెట్టి నడవండి, లేదంటే ఆటో. తిరుపతి నుంచి చిత్తూరు సుమారు 70 కిలోమీటర్లు, ఆర్టీసీ బస్సులు తిరుగుతానే ఉంటాయి, చంద్రగిరి మీదుగా పూతలపట్టు దాటుకొని పోవచ్చు. కాణిపాకం చిత్తూరుకి 11, 12 కిలోమీటర్లే కాబట్టి చాలామంది పొద్దున్నే వినాయకుడి దర్శనం చేసుకొని, మధ్యాహ్నానికి చిత్తూరులో సంగటికి కూర్చుంటారు, అది చాలా మంచి ప్లాన్. తిరుమల నుంచి శ్రీవారి మెట్టు దారిలో నడిచి దిగేవాళ్ళకి చంద్రగిరి వైపు దగ్గర, 2,388 మెట్లు దిగాక ఆకలి ఎట్లాగూ గట్టిగానే ఉంటుంది.

దర్శనం ఉన్నవాళ్ళు ముందు ఇది చూసుకోండి

చాలా కుటుంబాల్లో దర్శనానికి ముందు మాంసం తినరు, కాబట్టి మిలిటరీ హోటల్ ప్లాన్ ఏదైనా కొండ దిగొచ్చాక పెట్టుకోండి, ఇంట్లో పెద్దోళ్ళతో మాట పడొద్దు. తిరుమల మీదికి మాంసం, మందు, సిగరెట్లు తీసుకుపోకూడదు, అలిపిరిలో బ్యాగులు చూస్తారు. కింద కట్టించుకున్న బిర్యానీ పార్సిల్ బండిలో పెట్టుకొని పైకి పోదాం అనుకోవద్దు, అది మరిచిపోయి పోయేవాళ్ళు కూడా ఉంటారు, ఎక్కేముందు ఒకసారి డిక్కీ చూసుకోండి. దర్శనం స్లాట్ టైమూ హోటల్ టైమూ దగ్గరదగ్గర పెట్టుకోకండి, క్యూ ఎప్పుడు వదుల్తుందో చెప్పలేం, తినడానికి వేరే పూట ఉంచుకోండి.

లోపలికి పోయాక

గుమ్మంలో ఒక నిమిషం ఆగి చూడండి, జనం ముందు కౌంటర్లో టోకెన్ తీసుకుంటా ఉన్నారా, కూర్చున్నాక సప్లయర్ వచ్చి అడుగుతా ఉన్నాడా. టోకెన్ పద్ధతి ఉన్నచోట పోయి కూర్చొని ఎదురుచూస్తే ఎవరూ రారు. ఫోన్‌పే దాదాపు అన్నిచోట్లా ఉంది, కానీ ఇరుకు సందుల్లో సిగ్నల్ తిరుగుతా ఉంటుంది, పది, ఇరవై, యాభై నోట్లు చేతిలో ఉంచుకోండి.

నలుగురు కూర్చునే టేబుల్ దగ్గర ఇద్దరు తింటా ఉంటే మిగతా రెండు కుర్చీల్లో కూర్చోవచ్చు, అది ఇక్కడ మామూలే, "కూర్చోవచ్చా అన్నా" అంటే చాలు. వాళ్ళు ఏం తింటా ఉన్నారో చూడండి, అడగండి కూడా. రోజూ తినేవాళ్ళు చెప్పే "ఈడ బోటీ బాగుంటాది, చికెన్ వద్దు" అనే ఒక్క మాట ఎపిసోడ్ మొత్తంకన్నా పనికొస్తుంది.

ఆర్డర్ చెప్పేటప్పుడు మొదట ఒక్క ఐటమే, ఏదైతే టీవీలో చూశారో అదే, అందరికీ కలిపి తక్కువగా. బాగుంటే ఇంకోటి చెప్పొచ్చు. నలుగురు పోతే నాలుగు రకాలు చెప్పి పంచుకోవడం మంచిదే గానీ, సంగటి మాత్రం మనిషికొకటి పెట్టించుకోండి.

సంగటి గురించి కొంచెం చెప్పాలి, బయటి ఊర్ల నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువగా ఇక్కడే తడబడతారు. నూకలు మెత్తగా ఉడికేదాకా ఉడికించి, రాగిపిండి గుట్టగా పైన పోసి, మధ్యలో గుంత చేసి మూత పెట్టి ఆవిరికి మగ్గనిస్తారు. తర్వాత కట్టెతో గెలకడం మొదలుపెడతారు, పెద్ద గిన్నె అయితే రెండు కాళ్ళతో తొక్కిపట్టి ఒంటి బలమంతా పెట్టి గెలికితేగానీ ఉండలు పోవు. తడి చేతుల్తో గుండ్రంగా చేసి ఆకులో వేస్తారు. మంచి సంగటికి గుర్తు ఏందంటే, వేలు పెడితే అంటుకోకుండా మెరుస్తా ఉంటుంది, తుంచితే లోపల పొడి పిండి కనపడదు, అక్కడక్కడా నూక తెల్లగా కనపడుతుంది. తినేటప్పుడు చిన్న ముక్క తుంచి, బొటనవేలితో మధ్యలో గుంత చేసి, అందులోకి పులుసు తీసుకొని నోట్లో పెట్టుకొని మింగాలి. నమిలితే పళ్ళకి అంటుకొని విసుగొస్తుంది. వేడిగా ఉన్నప్పుడే తినాలి, ఫోటోలు తీసుకుంటా కూర్చుంటే ఆరిపోయి గట్టిపడుతుంది.

పక్కన చెనిక్కాయల (వేరుశనగ) ఊరుబిండి పచ్చడి పెడితే వదలకండి. నాటుకోడి పులుసులో కారం మన వైపు గట్టిగానే ఉంటుంది, పిల్లలకి పెరుగో, కోడిగుడ్డో చెప్పుకోండి. నాటుకోడి ముక్క బ్రాయిలర్ లాగా మెత్తగా ఎముక వదిలెయ్యదు, కొంచెం సాగుతుంది, అది ఉడకలేదని సప్లయర్‌ని పిలవాల్సిన పనిలేదు.

శుభ్రం సంగతి కూడా చూసుకోవాలి, ఇరుకుగా ఉండడం వేరు, మురికిగా ఉండడం వేరు. టేబుల్ తుడిచే గుడ్డ, చేతులు కడిగే చోటు, బజ్జీల నూనె రంగు, ఈ మూడూ చూస్తే తెలిసిపోతుంది. నూనె నల్లగా నురగ కడతా ఉంటే వేపుడు ఏదీ చెప్పకండి. నీళ్ళ బాటిల్ మీదే తీసుకుపోండి.

వంటింటి దగ్గర మర్యాద

టీవీలో వంటిల్లు చూపించారు కాబట్టి మనం కూడా ఫోన్ ఎత్తుకొని లోపలికి పోవచ్చు అనుకోకండి. షో వాళ్ళు ముందే మాట్లాడుకొని, గిరాకీ లేని టైములో వచ్చి తీసుకున్నారు. పన్నెండున్నర ఒంటిగంట మధ్య ఆ పొయ్యి దగ్గర మనిషి చెమటలు కారుస్తా ముప్పై మందికి వడ్డించాలి. చూడాలని నిజంగా ఉంటే రష్ తగ్గాక "అక్కా, మీ సంగటి టీవీలో చూసి వచ్చినాం, ఎట్ట చేస్తారో ఒకసారి చూడొచ్చా" అని అడగండి, చాలామంది సంతోషంగా రమ్మంటారు. వీడియో తీయాలంటే అది మళ్ళీ వేరేగా అడగాలి, పక్క టేబుళ్ళ మీద తినేవాళ్ళ మొహాలు పడకుండా తీయాలి. తినడం అయిపోయాక టేబుల్ ఖాళీ చేయండి, గుమ్మంలో నిలబడ్డోళ్ళు కూడా మనలాగే ఆకలి మీద వచ్చినోళ్ళే.

బాగుంటే ఆ మాట ఓనర్‌కి కాకుండా వండిన మనిషికి చెప్పి రండి. టీవీ వచ్చి పోయాక బోర్డు మీద యాంకర్ ఫోటో పడుతుంది గానీ లోపల గెలికిన మనిషి పేరు చాలాచోట్ల ఎవరికీ తెలీదు.

నచ్చకపోతే

ఒక్కసారికే రివ్యూలో ఒక స్టార్ ఇచ్చి రాకండి. ఆరోజు మాస్టర్ సెలవా, మీరు పోయిన పూట కరెక్టేనా అని ఓనర్‌ని మెల్లగా అడగండి. షో తర్వాత ఒక్కసారిగా గిరాకీ పెరిగి, రోజుకి పది కిలోలు వండే మనిషి ముప్పై కిలోలు వండాల్సొచ్చి రుచి పడిపోయిన చోట్లు ఉంటాయి, కొన్నాళ్ళకి జనం తగ్గాక మళ్ళీ పాత రుచి వస్తుంది. ఎపిసోడ్ కొత్తది అయితే నెలా రెండు నెలలు ఆగి పోవడమే నయం. అదే వీధిలో షోలో పడని ఇంకో హోటల్ ఉంటే అదే ఐటమ్ అక్కడ కూడా తినిచూడండి, పోల్చుకోవడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది, కొన్నిసార్లు అదే మీకు అలవాటు హోటల్ అయిపోతుంది.

ఇంటికొచ్చాక మ్యాప్స్‌లో రాసేటప్పుడు "సూపర్", "వేస్ట్" అని ఒక్క ముక్కతో వదిలేయకుండా, ఏ వారం, ఎన్ని గంటలకి పోయారు, ఏం తిన్నారు, బిల్లు ఎంతయింది, డబ్బులు ముందు కట్టాలా తర్వాతా, ఇవి నాలుగు లైన్లలో రాసి, మెనూ బోర్డు ఫోటో ఒకటి పెట్టండి. హోటల్ వేరే వీధికి మారి ఉంటే మ్యాప్‌లో కొత్త చోటు కూడా మార్చి పంపండి, తర్వాత పోయేవాళ్ళు పాత వీధిలో ఎండలో తిరక్కుండా నేరుగా పోతారు.